ఎవరికిని భారము కాకుండ



కడచిన క్రిస్మసు పండుగ వెళ్లిన మూడవ దినమున మా సంఘపు యౌవనస్థులు నలుగురు మా ఇంటికి వచ్చిరి. వారిచేత ఒక పొడుగాటి సంచి ఉండెను. అడుగకమునుపే సంచి విప్పి మా వాకిటిలో రెండు నిమిషములలో ఒక గుడారము నిలువబెట్టిరి. పచ్చని గుడ్డ, సన్నని కమ్ములు. వానకు తడవదట, గాలికి లేవదట. ఎత్తి చూచితిని, నాలుగు కిలోలైనను ఉండదు. సెల్‌ఫోనులోనే బేరము చూచి తెప్పించుకొన్నారట.

"మాస్టారూ, మహేంద్రగిరి ఎక్కుదామనుకుంటున్నాం. రెండు రాత్రులు కొండమీదే ఉంటాం. మీరు వయసులో ఎక్కినారట గదా, దారి చెప్పండి" అని అడిగిరి.

దారి చెప్పితిని. నడుమ సవర గూడెములు ఉన్నవనియు, మర్యాదగా అడిగినచో రాత్రికి చోటు లేదనరనియు చెప్పితిని. అందుకు వారిలో పెద్దవాడు, బుద్ధిమంతుడే, ఇట్లనెను: "వద్దు మాస్టారూ. పాపం, వాళ్లే లేనివాళ్లు. మనమెందుకు వాళ్లకి బరువవడం? మన డేరా మనకుంది, మన బియ్యం మనకున్నాయి. ఎవరికీ భారం కాకుండా పోయొస్తాం."

మంచి మాటయే. మెచ్చుకొని పంపవలసిన మాట. ఇట్టి మాట నేర్చుకొనని యువకులు కొండలకు పోయి చేయుచున్న అల్లరియు, విడిచి వచ్చుచున్న ప్లాస్టిక్ చెత్తయు మనము ఎరుగనిది కాదు. అయినను వారు వెళ్లిన తరువాత ఆ మాట నన్ను విడువలేదు. ఎవరికిని భారము కాకుండ జీవించుట సాధ్యమా? సాధ్యమైనచో అది మంచిదా? ఈ ప్రశ్న కొండ ఎక్కువారిది మాత్రమే కాదు గనుక, మీ ఎదుట పెట్టి మీతో కూడ ఆలోచింప గోరుచున్నాను.

ఉద్దానములో కాపురమున్న చదువరికి మహేంద్రగిరి సంగతి చెప్పనక్కరలేదు. తూరుపున సముద్రము, పడమట ఆ కొండ. నడుమ కొబ్బరి, జీడి, పనస తోటలు. వాన వెలిసిన ఉదయమున చేరువగా వచ్చి నిలిచినట్లు కనబడును. దూరపు చదువరి కొరకు చెప్పుచున్నాను: ఆ శిఖరము ఎత్తు 1,501 మీటర్లు. శిఖరము ఒడిశాలోని గజపతి జిల్లాలోనిది, దాని పాదములు మన మందస వరకు చాచుకొని ఉన్నవి. అక్కడ పుట్టిన మహేంద్రతనయ నది దిగివచ్చి బారువ యొద్ద సముద్రములో కలియుచున్నది. శిఖరముమీద బహు పురాతనమైన రాతి గుడులు కలవు. శివరాత్రికి వేలాది జనులు ఆ కొండ ఎక్కుదురు. వారికి గుడారము ఉండదు. మంట వేసికొని దాని చుట్టు కూర్చుండి తెల్లవార్చుదురు. ఆ వాలులలోను, మెళియాపుట్టి, సీతంపేట వైపు కొండలలోను సవరలు అనాదిగా కాపురముండు జనులు.

ఇక నా సంగతి. 1983 జనవరి మాసము. నాకు ఇరువదినాలుగేండ్లు, బడిపంతులు పని కొత్తగా దొరికినది. తోటి ఉపాధ్యాయుడొకడును నేనును మహేంద్రగిరి చూడవలెనని బయలుదేరితిమి. స్కౌటు పిల్లల కాన్వాసు గుడారము ఒకటి అడిగి తెచ్చుకొంటిమి. అది ఈ పిల్లలు తెచ్చినట్టిది కాదు. ఒకరి తరువాత ఒకరము మోయగా భుజములు బొబ్బలెక్కినవి. మందస దాటి, కొండవాలు పట్టి, ప్రొద్దుగ్రుంకు వేళకు ఒక గెడ్డ ఒడ్డున దించితిమి. మేకులు దిగుటకు అక్కడ మట్టి ఎక్కడ? అంతయు రాయి. ఒక మూల నిలిపితే మరియొక మూల కూలుచుండెను. చీకటి పడుచున్నది, మంచు దిగుచున్నది, మాకు ఏడ్పును నవ్వును కలిసి వచ్చుచున్నవి.

అప్పుడు భుజముమీద టంగితో ఒక సవర వచ్చి నిలువబడెను. నడివయసువాడు. మా పాట్లు కొంతసేపు చూచి, ఎగతాళి లేకుండ, నిజముగా తెలియక అడుగువానివలె, "ఈ గుడ్డ కొంపెందుకు బాబూ? మా ఇల్లు నేదేటి?" అనెను.

గుడారము చుట్టి అతని వెంట పోతిమి. గూడెములో ఇండ్లు వరుసగా ఒకదాని గోడను ఒకటి ఆనుకొని ఉన్నవి. ఎత్తైన అరుగు, ఎర్రమట్టి అలికిన గోడలు, అరుగుమీదికి దిగివచ్చిన గడ్డికప్పు. నడుము వంచక లోపలికి పోజాలము. లోపల ఒకటే గది, మూల పొయ్యి, పైన అటక. అతని తల్లి, భార్య, ముగ్గురు పిల్లలు. అడ్డాకుల విస్తళ్లలో వేడి అన్నమును కొండకందుల పప్పును పెట్టిరి. జీలుగు కల్లు కూడ తెచ్చిరి. అది మేము పుచ్చుకొనము అంటిమి. అతడు నొచ్చుకొనలేదు, మా వంతు తానే త్రాగెను. (పెట్టినదెల్ల తినవలెనా అని కొందరు నన్ను అడుగుదురు. ప్రేమతో వద్దన్నదానిని ప్రేమ గలవాడు తప్పు పట్టడని ఆ రాత్రి నేర్చుకొంటిని.)

పొయ్యి ప్రక్కన మాకు చాపలు పరచి రెండు కంబళ్లు ఇచ్చిరి. నడకకు అలసినవారము, వెంటనే నిద్ర పట్టెను. నడురేయి మెలకువ వచ్చి చూడగా లోపల మేమును పిల్లలును మాత్రమే ఉన్నాము. బయట మంట వెలుగుచున్నది, మాటలు వినవచ్చుచున్నవి. అతిథులు వచ్చిన సంతోషమున పెద్దలు ముచ్చటించుకొనుచున్నారనుకొని మరల కన్ను మూసితిని. ఇంత ఆదరణ గల జనులా అని పొంగిపోతిని కూడ.

తెల్లవారి లేచి చూచినపుడు ముసలామె మంట ప్రక్కన మోకాళ్లలో తల పెట్టుకొని కూర్చుండియే నిద్రించుచున్నది. ఆమెమీద ఒక గోనెసంచి కప్పియున్నది. ఆ ఇంట ఉన్నవి రెండే కంబళ్లు. రెండును మావద్ద ఉన్నవి. రాత్రి ముచ్చటలు మా రాకకు సంతోషించి కాదు, చలికి. పిల్లలు త్రాగుచున్నది చోడి అంబలి. రాత్రి మా విస్తళ్లలో పడిన తెల్లని అన్నము ఆ ఇంట ప్రతిదినము వండునది కాదని అప్పుడు తెలిసికొంటిమి.

ఇప్పుడు చెప్పుము చదువరీ, ఆ యువకుడు చెప్పినది నిజమే గదా? మేము భారమైతిమి. గోనెసంచి బరువంత, రెండు కంబళ్ల బరువంత భారమైతిమి. అది కప్పిపుచ్చి అతిథి సత్కారము ఎంత రమ్యమైనదో అని నేను ఇక్కడ వర్ణించితినా, అది అబద్ధమగును. బీదవాని సత్కారమును పొగడువారు తరచుగా ఆ సత్కారమును తిన్నవారే, పెట్టినవారు కారు. సారెపతు విధవరాలి కథ మనము ప్రసంగములలో ఏలీయా పక్షమున వినుచుందుము. తొట్టిలో పట్టెడు పిండియు, బుడ్డిలో కొంచెము నూనెయు ఉన్న స్త్రీని, ముందు నాకు అప్పము చేసి తెమ్మని ఒక పరదేశి అడిగినప్పుడు ఆమె కడుపులో ఏమి కదలెనో ఎందరము ఆలోచించితిమి? ఆ పిండి తరుగలేదు, నిజమే. మా సవర ఇంటి బియ్యము తరిగియుండును.

అట్లయితే గుడారమే న్యాయమా?

గుడారమును నేను నిందింపను. మన ప్రాంతములో శ్రీకాకుళము, టెక్కలి, పర్లాకిమిడి, సోంపేటలలో పనిచేసిన కెనడా బాప్తిస్టు మిషనరీలు శీతకాలమున గుడారములు ఎద్దుబండ్లమీద వేసికొని పల్లెలకు పోయి, మామిడితోపులలో దిగుచుండెడివారు. తెల్లదొరకు ఇంట చోటిచ్చినవాడు తన కులమువారికి జవాబు చెప్పుకొనవలసిన దినములవి. ఆతిథ్యమిచ్చినవానికి వెలి తప్పదని తెలిసినపుడు, వాని గడప త్రొక్కక తోపులో దిగుట దయయే. ఇంట రోగి ఉన్నప్పుడు, బాలింత ఉన్నప్పుడు, చోటు లేనప్పుడు గుడారము మర్యాద. అబ్రాహాముది కూడ గుడారమే గదా. అయితే ఒక భేదము చూడుము. మమ్రే దగ్గర అతడు ఎండవేళ గుడారపు ద్వారమందు కూర్చుండి దారి చూచుచుండెను. అతని గుడారము ఇతరులు లోపలికి వచ్చుటకు. మా గుడారము ఇతరులయొద్దకు మేము పోకుండుటకు.

ఇంకొక సంగతి ఆలోచింపుము. నా గుడారము నాది, నా బియ్యము నావి అంటిమి. అది నిలిచిన నేల ఎవరిది? మేము వంట చేసికొన తలచిన గెడ్డ నీరు ఆ గూడెపు స్త్రీలు ప్రొద్దున బిందెలతో ముంచుకొను నీరే. మేము ఏరిన పుల్లలు వారి పొయ్యిలోనివే. టెక్కలి దగ్గర తేలినీలాపురములో ఏటేట గూడబాతులును ఎర్రకాళ్ల కొంగలును వచ్చి ఊరి చింతచెట్లమీద గూళ్లు కట్టుకొని పిల్లలను లేపుకొనును. వాటి గూడు అవే కట్టుకొనును, వాటి మేత అవే వెదకుకొనును. అయినను ఊరివారు చెట్లు నరకక, రాళ్లు రువ్వక, ఆ గోల సహించుచున్నందుననే అవి అక్కడ ఉన్నవి. తాము అతిథులమని పక్షులకు తెలియకపోవచ్చును. మనకు తెలియకపోతే ఎట్లు? కొండమీద గుడారము వేసినవాడును అతిథియే. తన గృహస్థుని ముఖము చూడని అతిథి. భారము తగ్గలేదు, కృతజ్ఞత చెప్పవలసిన పని మాత్రము తప్పినది.

పౌలు ఈ విషయములో నాకు మంచి స్నేహితుడు. డేరాలు కుట్టుట అతని వృత్తి. లోకములో ఎవనికైనను స్వంత డేరాలో పడుకొను హక్కున్నచో అతనికే ఉండవలెను. థెస్సలొనీకలో ఎవరికిని భారము కాకూడదని రాత్రింబగళ్లు కష్టపడితినని అతడే వ్రాసికొన్నాడు. అట్టివాడు కొరింథులో అకుల ప్రిస్కిల్లల ఇంట దిగెను. ఫిలిప్పీలో లూదియ బలవంతము చేయగా ఆమె ఇంటికి పోయెను. ఓడ పగిలి మెలితే ద్వీపమున పడినప్పుడు, భాష తెలియని ఆ ద్వీపవాసులు వానలో చలిలో వేసిన మంట దగ్గర కూర్చుండి కాచుకొనెను. తన చేతులతో కష్టపడుట ఎరిగినవాడు, పరుల చేతులలోనిది పుచ్చుకొనుట కూడ ఎరిగినవాడు. రెండవది కష్టమైనదని నా అనుభవము. పెట్టునప్పుడు మనము ఎత్తున నిలిచియుందుము. పుచ్చుకొనుటకు నడుము వంచవలెను, ఆ సవర ఇంటి వాకిలివలె.

ఇదంతయు కొండసంగతి అని తీసివేయకుము. మన ఉద్దానపు ఇండ్లకు వచ్చెదము.

మన ప్రాంతమున మూత్రపిండముల వ్యాధి ఎన్ని ఇండ్లలో దీపములు ఆర్పినదో మీకు వేరుగ చెప్పనేల? ఇచ్ఛాపురము మొదలు వజ్రపుకొత్తూరు వరకు ఆ దుఃఖము లేని ఊరు అరుదు. కారణము ఇదియే అని పండితులు ఇంకను తేల్చలేదు. నీరే అని జనులు నమ్మిరి. 2023 డిసెంబరులో వంశధార నీటిని హిరమండలము నుండి గొట్టములగుండ తెచ్చు పథకమును, పలాసలో కిడ్నీ రోగుల ఆసుపత్రియు ప్రారంభమైనవి. దానికి ముందు ఏండ్ల తరబడి ఏమి జరిగెను? మన ఇంటికి వచ్చిన చుట్టము చేతిలో నీళ్ల సీసా ఉండెడిది. మనము చెంబుతో నీళ్లు ఇయ్యగా, "ఇప్పుడే తాగినాను వదినా" అని సీసా ప్రక్కకు జరుపుకొనెడివాడు. మన పిల్లలకు సంబంధములు అడుగుటకే జంకిరి.

ఆ చుట్టము తప్పు చేసెనా? ప్రాణభయము తప్పు కాదు. అతడు మనకు భారము కూడ కాలేదు. తన నీళ్లు తానే తెచ్చుకొన్నాడు. అయినను ఆ చెంబు తిరిగి లోపలికి తీసికొనిపోయిన ఇల్లాలి మనస్సు ఎట్లుండెనో ఉద్దానపు స్త్రీని అడుగుము. నేను ఎరుగుదును, మా ఇంట ఆ చెంబు తిరిగిపోయిన దినములు ఉన్నవి. ఎవరికిని భారము కానివాడు ఒక్కొక్కప్పుడు ఎంత బరువు మనమీద పెట్టి పోవునో అప్పుడు తెలిసినది. కొండవాలున గుడారము నిలుపుచున్న మమ్మును చూచి "మా ఇల్లు నేదేటి?" అని అడిగినవాని కంఠములో ఏమున్నదో నాకు ముప్పదియేండ్ల తరువాత ఆ చెంబు దగ్గర అర్థమైనది.

తరువాత తిత్లీ తుపాను వచ్చెను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరము దాటినది. మాది అప్పటికి పెంకుటిల్లు. పెంకులు ఆకులవలె లేచిపోవుచుండగా నేను, నా భార్య, మా కోడలు, ఇద్దరు పసివాండ్రు చీకటిలో ఒకరినొకరము పట్టుకొని ప్రక్క స్లాబు ఇంటికి పరుగెత్తితిమి. ఆ ఇంటివానికిని నాకును గట్టు తగాదా. మూడేండ్లుగా మాటలు లేవు. తలుపు కొట్టుటకు నా చెయ్యి ఆడలేదు. నా భార్య కొట్టెను. లోపల అప్పటికే పదునేడుగురు ఉన్నారు. అతడు ఒక్క మాటయు అనక పసివాండ్రను అందుకొనెను. నాలుగు రాత్రులు ఆ ఇంట ఉంటిమి. కరెంటు లేదు, త్రోవ లేదు, తోటలో కొబ్బరిచెట్టు నిలిచినది లేదు. అతని బియ్యముతోనే గంజి కాచుకొంటిమి. గట్టు తగాదా తరువాత ఏమైనదని అడిగెదరా? గట్టు అట్లే ఉన్నది. తగాదా ఎత్తుటకు ఇద్దరికిని ముఖము చెల్లలేదు.

ఇక డబ్బు మాట. ఈ కాలమున అరకు వంటి చోట్ల ఇండ్లవారే యాత్రికులకు గదియు భోజనమును ఇచ్చి రొక్కము పుచ్చుకొనుచున్నారు. హోంస్టే అని పేరు. లడఖ్‌లో కొన్ని గ్రామములలో ఒకే ఇల్లు లాభపడకుండ అతిథులను ఇంటింటికి వంతు చొప్పున పంపుదురు. ఇది నాకు మిక్కిలి నచ్చిన ఏర్పాటు. కిర్గిజిస్తాన్ దేశమున, సుమారు 3,000 మీటర్ల ఎత్తున సోంగ్‌కోల్ అను సరస్సు కలదు. అక్కడ గొర్రెల కాపరులు వేసవిలో మందలతో ఎక్కివచ్చి, ఉన్ని కంబళ్లు కప్పిన గుండ్రని ఇండ్లలో ఉందురు. యూర్ట్ అందురు. కొండలు నడచు పరదేశులు ఆ ఇండ్లలోనే రొట్టె తిని, టీ త్రాగి, కాపరుల కుటుంబముతో కూడ పడుకొందురు, వెలయిత్తురు. ఆ ఇంటి నడికప్పున వెలుతురుకును పొగకును ఉంచిన చక్రమును ఆ జనులు తమ దేశపు జెండామీదనే వేసికొన్నారు. అదియు విప్పి మోసికొనిపోవు గుడారమువంటిదే గదా; అయినను ఇల్లు, ఎందుకనగా లోపల ఇంటివారున్నారు.

వెల పుచ్చుకొన్న తరువాత అది ఆతిథ్యమెట్లగును అని కొందరు భక్తిపరులు ముఖము ముడుచుకొందురు. నేను ఒప్పుకొనను. లూకా సువార్త పదియవ అధ్యాయము తీయుము. మొదట ప్రభువు డెబ్బదిమందిని సంచి లేకుండ పంపి, దిగిన ఇంటనే ఉండుడి, ఇల్లిల్లు మారకుడి అని చెప్పును. అదే అధ్యాయములో మంచి సమరయుడు గాయపడినవానిని పూటకూళ్ల ఇంటికి తీసికొనిపోయి, రెండు దేనారములు చేతబెట్టి, ఇంకేమైన ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇచ్చెదననును. ఊరక పుచ్చుకొనుటయు వెలయిచ్చి పుచ్చుకొనుటయు ఒకే పుటలో ఉన్నవి. మేము ఆ దినమున కంబళ్లకు ఏమైన ఇచ్చియుంటిమా, మరుసటి చలికాలమునకు ముసలామెకు ఒక కంబళి వచ్చియుండును. పేదవానికి ఇయ్యవలసినది ఎగవేసి దానికి ఆతిథ్యమని పేరు పెట్టుట దొంగతనమే. అడిగిన వెల ఇమ్ము, బేరమాడకుము. ఇంటి ఆడవారు మూడు బిందెల నీరు తెచ్చినచోట నీవును ఒక బిందె మోయుము. ఇంతే నాకు తెలిసిన ధర్మశాస్త్రము.

అయితే మేము ఇయ్యలేదా అని అడిగెదవేమో. ఆ ఉదయమున నా స్నేహితుడు పది రూపాయల నోటు తీసి ఆ సవర చేతబెట్టబోయెను. అతడు నోటును అటుయిటు త్రిప్పి చూచి మరల అతని జేబులోనే పెట్టి, "డబ్బులెందుకు బాబూ? కాశీబుగ్గ వొచ్చినప్పుడు మీ ఇంటికాడ దిగుతానులే" అనెను. నేను సంతోషముగా మా వీధి గుర్తులు చెప్పితిని. అతడు అడిగిన వెల అది. పది రూపాయలకంటె ఎక్కువ.

రెండేండ్లకు అతడు ఆ వెల అడుగవచ్చెను.

1985 వానకాలము. నాకు పెండ్లియై కొద్ది నెలలే అయినది. రెండు గదుల అద్దె ఇల్లు. సాయంకాలము దీపము పెట్టువేళ అతడును భార్యయు ఒక పిల్లవానిని భుజమున వేసికొని వాకిట నిలిచిరి. పిల్లవానికి జ్వరము; మరునాడు ఆసుపత్రికి చూపవలెనట. చేతిలో నాకొరకు రెండు కొండచీపుళ్లు, చింతపండు మూట. గుర్తుపట్టితిని. కూర్చుండుడి అని అరుగు చూపితిని. నా భార్య అన్నము పెట్టెను. పిమ్మట ఆమె నన్ను లోపలికి పిలిచి మెల్లగా, "పిల్లాడికి ఒంట్లో బాగాలేదు. వాన వొచ్చేటట్టుంది. లోపలికి పిలవరా?" అని అడిగెను. ప్రక్కవాటాలోనివారు ఏమందురో, ఇంటి యజమాని ఏమనునో అని నా మనస్సులో నడచినది. ఆ భయము పైకి చెప్పుటకు సిగ్గుపడి, "వాళ్లకి బయట పడుకోవడమే అలవాటు" అంటిని.

అలవాటు. మంచుకొండమీద తన కంబళ్లు రెండును నాకిచ్చినవానిని గూర్చి ఆ మాట అంటిని. ఒక చాపయు ఒక దుప్పటియు బయటికి పంపితిని. ఇంట ఇంకను నాలుగు దుప్పట్లు మడతపెట్టి ఉండెను. రాత్రి జల్లు కొట్టినది. అరుగుమీదికి జల్లు పడునని నాకు తెలియును. తలుపు తీయలేదు. ఉదయము లేచి చూడగా చాప చుట్టి గోడకు ఆనించియున్నది, దుప్పటి దానిమీద తడి పిండి ఆరవేసియున్నది. చీపుళ్లును చింతపండును అక్కడనే ఉన్నవి. పిల్లవాడు బ్రదికెనని తరువాత సంతలో ఎవరో చెప్పిరి. అతడు మాత్రము మరి మా ఇంటికి రాలేదు. కాశీబుగ్గకు రాక మానెనా? ఏండ్ల తరబడి వచ్చుచునే యుండును.

అంతకు ఎన్నో ఏండ్ల క్రిందట పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు (1863–1940) సవర భాష నేర్చుకొనుటకు తెలుగు తెలిసిన ఒక సవరను తన ఇంటనే ఉంచుకొనిరి. 1938లో అచ్చయిన ఆయన సవర నిఘంటువు అట్లు మొదలైన పని. ఆ కాలమున ఒక బ్రాహ్మణుని ఇంట అది ఎంతటి మాటయో ఆలోచింపుము. నేను క్రైస్తవుడనై యుండి, నలుబదియేండ్ల క్రిందట, ఒక్క రాత్రికి గడప దాటించలేకపోతిని. ఆయన పేరు ఏటేట బడిలో పిల్లలకు చెప్పుచు వచ్చితిని. ఒక్కసారియైనను అరుగు జ్ఞాపకము రాక చెప్పలేదు.

గడచిన ఆదివారము ఆరాధన అయిన తరువాత ఆ నలుగురిని మరల పిలిపించి ఇదంతయు చెప్పితిని. ఇంతవరకు ఎవరికిని చెప్పలేదు, నా భార్యకు తెలిసినది తప్ప. వారు చాలసేపు మాటలాడలేదు. తరువాత చిన్నవాడు, "అయితే డేరా వొదిలేయమంటారా మాస్టారూ?" అని అడిగెను. తీసికొనిపొండి అంటిని. ముందు ఇంటింట అడుగుడి. చోటులేదన్నచో, ఇంట ఎవరికైన బాగుండలేదన్నచో, ఎక్కడ వేసికొనవలెనో వారినే అడిగి వేసికొనుడి. మనిషికొక కంబళి మీవెంట ఉండవలెను. వచ్చునప్పుడు అవి వెంట తేకుడి. నౌపడా ఉప్పు రెండు కిలోలు, బారువ ఎండుచేపలు ఒక మూట నేనిచ్చెదను. అడిగిన సొమ్ము వేరు, ఇది వేరు.

వచ్చే వారము వారు బయలుదేరుచున్నారు. వారు రాత్రి ఉండబోవు ఇంటివారికి ఇమ్మని నేనొక చీటి వ్రాసియిచ్చితిని: నా పేరు, మా వీధి, బస్సు దిగిన తరువాత గుర్తులు, ఫోను నంబరు. నా భార్య అది చదివి కలము అడిగి పుచ్చుకొని, క్రింద తన వ్రాతతో "లోపలి గది ఉంది" అని చేర్చెను.